ఒంట్లో బాగున్నవాడికి మాత్రెందుకు?



ఈసారి వాక్యంతో కాక మాత్రలతో మొదలుపెడుతున్నాం. కొన్నేళ్ళుగా గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు చూస్తున్న సంగతి ఇది. ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరిగి ఇచ్చి వెళ్ళిన బోదకాలు మాత్రలు చాలా ఇళ్ళలో మింగకుండానే ఉండిపోయాయి. టీవీ పక్కన, పౌడరు డబ్బా వెనకాల, దిండు గలీబులో. ఒక ఇంట్లో అయితే బైబిలు సంచి జేబులో దొరికాయి. ప్రతి ఆదివారం మందిరానికి వచ్చి వెళ్తున్నాయన్నమాట! ఎందుకు మింగలేదమ్మా అని అడిగితే అందరిదీ దాదాపు ఒకటే జవాబు. "ఆయ్, మింగుదామనే ఉంచానండి. కానీ నాకేం జబ్బండీ? ఒంట్లో శుభ్రంగా ఉంది కదా. బాగున్నోళ్ళకి మాత్రెందుకండీ?"

ఇది తెలివితక్కువ ప్రశ్న కాదు. జ్వరం వస్తే మాత్ర, నొప్పి పుడితే మాత్ర అని అలవాటైన మనకు, ఏమీ లేనప్పుడు నాలుగు మాత్రలు ఒకేసారి మింగమంటే అనుమానం రావడం సహజమే. పాపం, ఆశా కార్యకర్తకు రోజుకు ఇన్ని ఇళ్ళు తిరగాలని లెక్క ఉంటుంది. కూర్చుని వివరించే తీరిక ఆమెకెక్కడిది? మనం తీరిగ్గా కూర్చునే చోటు సంఘమే కాబట్టి ఆ జవాబు ఇక్కడ చెప్పుకుందాం.

ముందు ఆ జబ్బు పేరు పెట్టి పిలుద్దాం. మన ఊళ్ళలో ఎవరూ పిలవరు. "ఆ కాలు" అంటారు, "ఆవిడ కాలు కొంచెం లావండి" అంటారు. ప్రార్థన విన్నపాల చీటీలో "కాళ్ళ నొప్పులు" అని రాస్తారు. ఇంట్లో పెళ్ళీడుకొచ్చిన ఆడపిల్ల ఉంటే అదీ రాయరు. దాని పేరు బోదకాలు, డాక్టర్లు ఫైలేరియా అంటారు. శాపం కాదు, పూర్వ పాపం కాదు, వంశంలో దిగే జబ్బు కాదు. కొందరు పెద్దలు చెప్పినట్టు నీళ్ళు పడక వచ్చేదీ కాదు. దారంలా సన్నగా ఉండే ఒక పురుగు వల్ల వస్తుంది. ఆ పురుగును ఒకరి నుంచి ఇంకొకరికి మోసేది దోమ.

డెల్టాలో పుట్టినవాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం సులువు. మన పొలానికి రెండు దారులు కావాలి. నీళ్ళు తెచ్చే పంట కాలువ ఒకటి, మిగిలిన నీళ్ళు తీసుకుపోయే మురుగు డ్రైను ఒకటి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటి నుంచి మనకు మొదటిది దండిగా ఉంది. రెండోది పూడిపోతే ఏమవుతుందో ప్రతి తుఫానుకీ చూస్తూనే ఉన్నాం. చేలో నీరు లాగదు, వరి కుళ్ళుతుంది. మనిషి ఒంట్లో కూడా అంతే. నెత్తురు తెచ్చే నాళాలు పంట కాలువలైతే, కండల్లో ఊరిన నీటిని తీసుకుపోవడానికి వేరే సన్నని నాళాలున్నాయి. వాటిని లింఫు నాళాలంటారు. అవి మన ఒంటి మురుగు డ్రైన్లు. ఈ పురుగు వెళ్ళి కాపురం పెట్టేది సరిగ్గా వాటిలోనే. ఆరు నుంచి ఎనిమిదేళ్ళు అక్కడే బతుకుతుంది, లక్షల కొద్దీ పిల్లలను పెడుతుంది. నాళం దెబ్బతింటుంది, నీరు లాగదు, కాలు వాస్తుంది. మగవాళ్ళలో అయితే వరిబీజం దిగుతుంది.

ఇక ముఖ్యమైన మాట. ఇదంతా వెంటనే జరగదు. చిన్నప్పుడు దోమ కుట్టి లోపలికి వెళ్ళిన పురుగు తన పని బయటికి చూపించేది పెద్దయ్యాకే. మధ్యలో ఉన్న ఏళ్ళన్నీ ఆ మనిషి చేలో పని చేసుకుంటాడు, దింపులు తీస్తాడు, క్రిస్మస్ నాటకంలో వేషం వేస్తాడు, పెళ్ళి చేసుకుంటాడు. ఒంట్లో శుభ్రంగా ఉందంటాడు. అబద్ధం చెప్పడం లేదు, అతనికి నిజంగానే ఏమీ తెలియదు. కానీ రాత్రయ్యేసరికి ఆ పురుగు పిల్లలు అతని నెత్తురులోకి వచ్చి తిరుగుతుంటాయి. పగలు దాదాపు కనబడవు. అందుకే ఆరోగ్య శాఖ వాళ్ళు రక్తం చుక్క తీయడానికి రాత్రి ఎనిమిది దాటాక వస్తారు. "పగలంతా ఏం చేశారు, పడుకునే వేళకొచ్చారు?" అని వాళ్ళను విసుక్కున్నవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ళు సరైన వేళకే వచ్చారు.

మనిషి నెత్తురులో ఈ పిల్ల పురుగులను 1872లో కలకత్తాలో లూయిస్ అనే వైద్యుడు చూశాడు. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న ప్యాట్రిక్ మాన్సన్, అవి దోమ కడుపులోకి వెళ్ళి పెరుగుతాయని కనిపెట్టాడు. మనిషి జబ్బుకూ దోమకూ సంబంధం ఉందని తేలింది అప్పుడే. మలేరియా సంగతి ఆ తరువాత ఇరవయ్యేళ్ళకు, 1897లో, మన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ తేల్చాడు. అతన్ని ఆ వెతుకులాటకు పురికొల్పింది ఈ మాన్సనే. మన దేశంలో బోదకాలు నివారణకు ప్రభుత్వ కార్యక్రమం 1955లోనే మొదలైంది. రాజమండ్రిలో ఈ జబ్బు మీద పనిచేసే కేంద్రం ఒకటి దశాబ్దాల నుంచి ఉంది. గోదావరి ఒడ్డున ఆ కేంద్రం పెట్టారంటే ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఒక తల్లి సంగతి. ఆమె అనుమతి తీసుకునే రాస్తున్నాం. పేరూ ఊరూ చెప్పం, ఎవరా అని మీరూ వెతక్కండి.

ఆమె ఆరాధనకు ఎప్పుడూ రెండో పాట మధ్యలో వచ్చేది. తలుపు పక్కన గోడనానుకుని కూర్చునేది. ఆశీర్వాదం చెప్పకముందే లేచిపోయేది. ప్రభువు బల్ల నాడు అసలు వచ్చేదే కాదు. చాపల మీద వరసగా కూర్చోవాలి, లేచి ముందుకు రావాలి, అందరూ చూస్తారు. చెప్పులు కూడా మందిరం మెట్ల దగ్గర కాకుండా, అవతల కొబ్బరి చెట్టు చాటున విడిచేది. అవి మగవాళ్ళ చెప్పులు. ఆడవాళ్ళ చెప్పుల్లో ఆమె కుడికాలు పట్టదు. చీర కుచ్చెళ్ళు ఎప్పుడూ నేల రాస్తూ కట్టుకునేది, ఊడ్పుల కాలంలో కూడా. ఏడాదికి మూడు నాలుగు సార్లు గజ్జల్లో బిళ్ళ కట్టి, వణుకుతో జ్వరం వచ్చి, కాలు నిప్పులా మండి వారం రోజులు మంచం పట్టేది. వచ్చి వెళ్ళిన ప్రతిసారీ కాలు ఇంకొంచెం లావెక్కేది. పసరు కట్టు కట్టించుకుంది, వేడి కాపడం పెట్టింది, ఎవరో చెబితే గాట్లు కూడా పెట్టించుకుంది. అల్లుడికి తెలియకూడదని అల్లుడు వచ్చినప్పుడల్లా జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకునేది.

మా ఇంటికి వచ్చి మా ఇద్దరి ఎదుటా ఆమె అడిగిన ప్రశ్న ఇది. "అయ్యగారూ, నయం చెయ్యమని ఇన్నేళ్ళ నుంచి అడుగుతున్నాను. ఆయన వింటున్నాడంటారా?" పక్కనున్న అమ్మగారి చెయ్యి పట్టుకునే అడిగింది.

దేవుడు వింటున్నాడనే మేము నమ్ముతున్నాం. ఆ మాటే చెప్పాం. కానీ ఆ మాట ఒక్కటీ చెప్పి ప్రార్థించి పంపేస్తే ఆమెను సగం దారిలో వదిలేసినట్టే. పరుగు పరుగున వెళ్ళి దోమ కుట్టని రోజుకు ఆమెను తీసుకుపోలేం. అయితే ఇక ముందు ఆ జ్వరాలు రాకుండా చాలావరకు ఆపవచ్చు. ఆమె మనవరాలికి ఆ కాలు రాకుండా పూర్తిగా ఆపవచ్చు. ఈ రెండూ వేరు వేరు పనులు. మొదటిది ఆమె చేతుల్లో ఉంది. రెండోది ఆమె ఒక్కదాని చేతుల్లో లేదు, "నాకేం జబ్బండీ" అంటున్న మనందరి చేతుల్లో ఉంది.

రెండోది ముందు చెబుతాం, ఎందుకంటే మాత్రల జవాబు అక్కడే ఉంది. ఏడాదికి ఒక్కసారి అందరూ మింగే ఆ మాత్ర ప్రధానంగా చేసేది, నెత్తురులో తిరిగే పిల్ల పురుగులను చంపడం. అవి నెత్తురులో లేకపోతే కుట్టిన దోమకు అందవు. దోమకు అందకపోతే పక్కింటి పిల్లకు చేరవు. ఇంతే కిటుకు. దోమలన్నిటినీ చంపడం మన వల్ల కాదు కానీ దోమకు మోయడానికి ఏమీ లేకుండా చేయగలం. పెద్ద పురుగు మాత్రం చాలా ఏళ్ళు బతుకుతుంది, మళ్ళీ పిల్లలను పెడుతూనే ఉంటుంది. కనుక డీఈసీ, ఆల్బెండజోల్ రెండూ కలిపి ఇచ్చే చోట ఏడాదికోసారి చొప్పున కనీసం అయిదేళ్ళు, ఊళ్ళో నూటికి 65 మందికి తగ్గకుండా మింగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే మాత్రలు పంచితే చాలదు, మింగాలి. పంచినట్టు రిజిస్టరులో ఎక్కి దిండు గలీబులో ఉండిపోయిన మాత్ర, ఆ 65లో ఉన్నట్టు కనిపిస్తుంది, ఉండదు. అందుకే ఆశా కార్యకర్త "నా ఎదురుగా మింగండి" అంటుంది. మనల్ని నమ్మక కాదు.

కొత్తగా వచ్చిన జబ్బులకు కొత్త మందులు దూరదేశాల నుంచి రావడం మనకు తెలుసు. కానీ ఈ డీఈసీ మాత్ర వెనక ఉన్న మనిషి మన ఎదుటి ఒడ్డువాడు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అటు నర్సాపురం. అక్కడి నుంచి కొద్ది దూరమే మొగల్తూరు. మొగల్తూరు అంటే మన కుర్రాళ్ళకు సినిమా హీరో గుర్తొస్తాడు. తప్పు లేదు. కానీ అదే ఊరి కుటుంబంలో, 1895లో భీమవరంలో పుట్టినవాడు యల్లాప్రగడ సుబ్బారావు. తండ్రి పోయాడు, చదువు కుంటుపడింది. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్ళాడు, మళ్ళీ తిరిగి రాలేదు. న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నడిపిన బృందం 1947లో ఈ మందును లోకానికిచ్చింది. మరుసటి ఏడే, 53 ఏళ్ళకు, ఆయన కన్నుమూశాడు. మన గర్భిణీ స్త్రీలకు ఇచ్చే మాత్రల్లో ఉండే ఫోలిక్ ఆమ్లాన్ని మొదట తయారుచేసిందీ ఆయన బృందమే. ఆశా కార్యకర్త సంచిలో రెండు చోట్ల ఆయన చేతి పని ఉంది. ఆయన మన విశ్వాసంవాడు కాడు. అయినా ఆయన బతుకును తలుచుకున్నప్పుడల్లా మేము దేవునికి స్తుతి చెల్లిస్తాం. ఎదుటి ఒడ్డున పుట్టినవాడు సముద్రాలు దాటి వెళ్ళి చేసిన మందు, మళ్ళీ మన గుమ్మంలోకి ఉచితంగా వచ్చి నిలబడితే, దాన్ని పౌడరు డబ్బా వెనక పెట్టడం మా మనసుకు కష్టంగా ఉంటుంది.

ఎవరెన్ని మింగాలి? పంచేవాళ్ళే చెబుతారు, అయినా తెలిసి ఉండడం మంచిది. డీఈసీ 100 మిల్లీగ్రాముల మాత్రలు 2 నుంచి 5 ఏళ్ళ పిల్లలకు ఒకటి, 6 నుంచి 14 ఏళ్ళ వారికి రెండు, 15 దాటిన వారికి మూడు. దానితో పాటు నమిలే ఆల్బెండజోల్ ఒకటి. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే మూడో మందు కూడా, మనిషి ఎత్తును బట్టి ఇస్తారు. రెండేళ్ళ లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికి ఇవ్వరు. పరగడుపున మింగకూడదు. ఉపవాస ప్రార్థన నాడు మాత్రలు వస్తే భోజనం చేసేవరకూ ఆగండి, లేదా మరునాడు మింగుతామని ఆమెకు చెప్పి ఆ మాట నిలబెట్టుకోండి. మింగాక కొందరికి తలనొప్పి, కొద్దిగా జ్వరం, వికారం, కళ్ళు తిరగడం ఉంటాయి. "చూశారా, బాగున్నవాడిని పడేసింది" అని ఊరంతా చాటింపు వేయకండి. చాలాసార్లు అది లోపల పురుగులు చస్తున్నందుకు ఒళ్ళు చూపే గుర్తు. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. ఎక్కువైతే పీహెచ్‌సీకి వెళ్ళండి. మాత్రల పంపిణీ ఆగిపోయిన చోట్ల, జబ్బు నిజంగా తగ్గిందా అని చిన్నపిల్లలకు రక్త పరీక్షలు చేస్తారు. దానికి బడిలో పిల్లవాడిని దాచకండి. మీ ఊళ్ళో ఇప్పుడు ఏది నడుస్తోందో ఆశా కార్యకర్తనే అడగండి. ఈ జబ్బును 2027 నాటికి దేశంలో లేకుండా చేయాలని ప్రభుత్వం గడువు పెట్టుకుంది. ఇంతకుముందు పెట్టుకున్న గడువులు దాటిపోయాయి. ఎందుకు దాటిపోయాయో అనుకున్నప్పుడల్లా మాకు ఆ దిండు గలీబులే గుర్తొస్తాయి.

కొందరు విశ్వాసులకు ఇంకో అభ్యంతరం ఉంది. మాత్ర మింగడం విశ్వాసం తక్కువైనట్టు కాదా అని. రెండవ రాజుల గ్రంథం 5వ అధ్యాయం ఈ వారం ఇంట్లో చదువుకోండి. నయమాను సైన్యాధిపతి. ప్రవక్త బయటికొచ్చి ఏదో గొప్ప పని చేస్తాడని ఆశించాడు. వెళ్ళి నదిలో మునగమని కబురు వచ్చేసరికి కోపంతో రథం తిప్పుకున్నాడు. కష్టమైన పని చెబితే చేసేవాడే. తేలికైన పని చెప్పారనే కదా అవమానం అనిపించింది! అతన్ని వెనక్కి తిప్పింది పెద్దలు కాదు, అతని దాసులు. మన ఊళ్ళో ఆ దాసుల పని ఆశా కార్యకర్త చేస్తోందని మాకు అనిపిస్తుంది. జీతం చిన్నది, నడక పెద్దది, గుమ్మంలో మర్యాద తక్కువ. అదే గ్రంథం 20వ అధ్యాయంలో హిజ్కియా ఉన్నాడు. అతను బాగవుతాడని దేవుడే మాట ఇచ్చాడు. ఆ మాట వచ్చాక కూడా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయించారు. మాట ఇచ్చిన దేవుడికి ఆ ముద్ద అడ్డమనిపించలేదు.

ఇక ఆ తల్లి చేతుల్లో ఉన్న మొదటి పని. బోదకాలు వచ్చేసిన వారికి మాత్రతో వాపు పూర్తిగా పోదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, లేకపోతే ఆశపడి విసిగి అన్నీ మానేస్తారు. వాళ్ళను నిజంగా కుంగదీసేది వాపు కన్నా ఆ జ్వరాలు. నీరు లాగని కాలికి చిన్న గీత పడినా, వేళ్ళ సందుల్లో ఒరిసినా, అక్కడి నుంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. జ్వరం వచ్చిన ప్రతిసారీ నాళాలు ఇంకా పాడవుతాయి, కాలు ఇంకా బరువెక్కుతుంది. ఆ దారి మూసేస్తే జ్వరాలు తగ్గుతాయి. మూయడానికి కావలసినవి నీళ్ళు, సబ్బు, మెత్తటి తువ్వాలు.

రోజూ, వీలైతే రెండు పూటలా, చల్లటి లేదా గది వేడి నీళ్ళతో, మామూలు స్నానపు సబ్బుతో కాలును మోకాలి నుంచి కిందికి మెల్లగా కడగాలి. కొబ్బరి పీచుతో రుద్దకూడదు. ముడతల లోపల, ప్రతి రెండు వేళ్ళ మధ్య వేలు పెట్టి కడగాలి. సబ్బు జారిపోయేదాకా నీళ్ళు పోయాలి. తరువాత తువ్వాలుతో అద్దుతూ తుడవాలి. వేళ్ళ సందులు పొడిగా అయ్యేదాకా, అవసరమైతే సన్నటి గుడ్డ పేలిక దూర్చి తుడవాలి. పుండు గానీ ఒరుపు గానీ కనిపిస్తే డాక్టరు రాసిన పూత మందు రాయాలి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి, రాత్రి మంచం కాళ్ళ వైపు కోళ్ళ కింద ఇటుక పెట్టుకోవచ్చు. మడమ పైకీ కిందికీ ఆడించాలి. చెప్పులు లేకుండా దొడ్లోకి కూడా వెళ్ళకూడదు. జ్వరం వచ్చి కాలు మండుతున్నప్పుడు మాత్రం వ్యాయామం వద్దు, కాపడం అసలే వద్దు. చల్లని నీళ్ళ గుడ్డ వేసి, కాలు ఎత్తున పెట్టి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గాట్లు, పసరు కట్లు, బూడిదలు ఏవైనా సరే, కొత్త దారులు తెరుస్తాయి.

తుడవడం దగ్గర చాలామంది బద్ధకిస్తారు. కడిగాం కదా, ఆరిపోతుందిలే అనుకుంటారు. ఆరదు. ఆ తడిలోనే వేళ్ళ సందులు పాచి పడతాయి. యోహాను సువార్త 13వ అధ్యాయం మన సంఘంలో ప్రతి ఏడూ చదువుతాం. ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడని అందరికీ తెలుసు. మళ్ళీ ఒకసారి చదవండి. ఆయన నడుముకు తువ్వాలు కట్టుకున్నాడని, దానితో తుడిచాడని కూడా యోహాను రాశాడు. పక్కనే ఉండి, తన పాదాలు కడిగించుకున్నవాడు రాసిన మాట అది. ఆ తల్లికి కడగడం నేర్పిన ఎఎన్ఎమ్ ఒక్కొక్క వేలి సందూ తుడుస్తుంటే పక్కన నిలబడి చూశాం. తన కాలును ఇంట్లోవాళ్ళు కూడా ఇన్నేళ్ళుగా ముట్టుకోలేదని ఆ తల్లి అన్నది. బోదకాలు ముట్టుకుంటే అంటదు. ఈ సంగతి ఇంట్లో పిల్లలకు కూడా చెప్పండి.

ఆ రోజు నుంచి ఆమె మానకుండా కడుక్కుంటోంది. కాలు సన్నబడి మామూలు కాలైపోయిందని సాక్ష్యం చెప్పడం లేదు. కిందటి వర్షాకాలంలో ఆమెకు జ్వరం ఒక్కసారే వచ్చింది.

మగవాళ్ళతో ఒక మాట. వరిబీజం ఉన్నవాళ్ళు పంచె బిగించి, ఆ సంగతి భార్యకు తప్ప ఎవరికీ చెప్పకుండా బతుకుతున్నారు. దింపులకు ఎక్కడం మానేసినవాళ్ళను, సైకిలు తొక్కడం మానేసినవాళ్ళను మేమెరుగుదుం. నడుం నొప్పి అని చెబుతారు. ఇది కాలి వాపు లాంటిది కాదు, దీనికి ఆపరేషను ఉంది, ప్రభుత్వ ఆసుపత్రిలో చేస్తారు. సిగ్గుపడి దాచుకున్న కొద్దీ పెరిగేదే. మాతో చెప్పుకోవడం కష్టమైతే నేరుగా అమలాపురం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. రెండు కాళ్ళకూ జబ్బు ముదిరినవారికి ప్రభుత్వ పింఛను కూడా ఉంది. దానికి డాక్టరు సర్టిఫికెట్టు కావాలి. కాగితాల పని తెలియకపోతే మన యవ్వనస్థుల్లో ఎవరినైనా వెంట తీసుకెళ్ళండి.

దోమల గురించి మీకు తెలిసినదే ఎక్కువ, కాబట్టి తక్కువ చెబుతాం. బోదకాలు దోమ రాత్రి కుడుతుంది, మురుగులో పుడుతుంది. పెరట్లో అంట్లు తోమిన నీళ్ళు నిలిచే గుంట, పీచు నానేసిన గొయ్యి, మరుగుదొడ్డి ట్యాంకు, ఇవే దాని పుట్టిళ్ళు. ట్యాంకు గొట్టం మూతికి ఒక దోమతెర ముక్క కట్టండి. పది రూపాయల ఖర్చు లేదు, మన వీధిలో ఎన్ని ఇళ్ళకు ఉందో లెక్కపెట్టండి చూద్దాం. గుంటను పూడ్చండి, పూడ్చలేకపోతే వాడేసిన ఇంజను ఆయిలులో ముంచిన రంపపు పొట్టు మూట అందులో వేయండి. డెంగీ దోమ వేరు, అది పగలు కుడుతుంది, శుభ్రమైన నీటిలో పుడుతుంది. తాగి పారేసిన కొబ్బరి బొండాలు చాలు దానికి. శుక్రవారం డ్రై డే అని ప్రభుత్వం చెప్పేది అందుకే. తొట్లు, కుండలు వారానికోసారి బోర్లించి ఆరబెట్టాలి. దోమతెర పిల్లలకే కాదు, వరండాలో పడుకునే తాతకు కూడా.

కువైట్ బిడ్డలారా, మీకు ఒక్క పని. వచ్చే శుక్రవారం సెలవు పూట అమ్మకు ఫోను చేసినప్పుడు, మాత్రలు ఇచ్చారా అని కాకుండా మింగావా అని అడగండి. వీడియో కాల్ అయితే దిండు కూడా ఎత్తి చూపించమనండి.

స్త్రీల సమాజం వాళ్ళు రెండు ప్లాస్టిక్ బేసిన్లు, ఒక ఎత్తు పీట కొని మందిరం వెనక గదిలో పెట్టారు. ఈ నెల రెండో శనివారం సాయంత్రం నాలుగింటికి ఎఎన్ఎమ్ వచ్చి కాలు కడుక్కునే పద్ధతి మళ్ళీ చూపిస్తారు. మన సంఘం వాళ్ళే రావాలని లేదు. పక్క వీధివాళ్ళనూ, వేరే మతంవాళ్ళనూ పిలవండి. కొబ్బరితోట వైపు తలుపు తీసి ఉంచుతాం, రోడ్డు మీద నుంచి ఎవరికీ కనబడరు. సబ్బు మేము పెడతాం. తువ్వాలు మాత్రం ఎవరిది వారు తెచ్చుకోవాలి, పాతదైనా ఉతికినది.